రేకు ఊరికే ఉంటే ఊరుకుంటది, కోస్తేనే గొడవ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైనే సిమెంటు రేకుల మీద. తప్పు నాదేలెండి. పోయిన సంచికలో రేకుల షెడ్డు ఎండకి కాగిపోకుండా ఏం చెయ్యాలో రాస్తూ చివర్లో "పాత రేకు గీకేటప్పుడు ఆ పొడి పీల్చకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది" అని ఒక్క ముక్క పడేసి వదిలేశా, ఇక ఒకటే ఫోన్లు, వాట్సాప్‌లు, ఒకాయనైతే పగిలిన రేకు ముక్క చేతిసంచిలో వేసుకుని ఇంటికే వచ్చేశాడు, ఇందులో ఉందో లేదో చూసి చెప్పండి అని. కంటితో చూసి ఎవరూ చెప్పలేరండీ, మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. మన దగ్గర పాత షెడ్డు మీద బూడిదరంగులో అలలు అలలుగా ఉండే సిమెంటు రేకు అయితే ఉందనే అనుకుని పని చెయ్యండి, లేకపోతే పోయేదేం లేదు.

ప్రశ్న: సార్, మే నెల గాలివానకి మా వెనక వంటపాక మీద రేకులు నాలుగు పగిలాయి. మేస్త్రి కొత్తవి తెచ్చి పెరట్లోనే గ్రైండర్ పెట్టి కోశాడు. పొగ లేచినట్టు తెల్లటి దుమ్ము. పక్కనే మంచం మీద చీర పరిచి మినప వడియాలు పెట్టుకున్నా, వాటి నిండా పడింది. మా పాపకి ఆరేళ్ళు, గచ్చు మీద పేరుకున్న ఆ పొడిలో వేలితో ముగ్గులేసి ఆడుకుంది. మీరు రాసింది చదివాక నిద్ర పట్టట్లేదు. పాపకి ఏ పరీక్షలు చేయించాలి? – తణుకు నుంచి ఒక పాఠకురాలు

జ: ముందు పాప సంగతి చెప్తానమ్మా, మిగతాది తర్వాత. ఒక్కరోజు గంటో రెండు గంటలో పీల్చిన దుమ్ముతో జబ్బు రావటం చాలా అరుదు, ఆస్‌బెస్టాస్‌తో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు ఎక్కువగా ఏళ్ళ తరబడి రోజూ పీల్చినవాళ్ళకే వస్తాయి. అలాగని ఏమీ కాదులే అని కొట్టిపారెయ్యలేను, ఎందుకంటే ఇంతవరకు పీలిస్తే పర్లేదు అని నిక్కచ్చిగా చెప్పగలిగే గీత ఏదీ లేదు. పరీక్షలంటారా, ఇప్పుడు ఎక్స్‌రే తీయించినా స్కాన్ తీయించినా ఏమీ కనపడదు, పాపకి అనవసరంగా రేడియేషన్ తప్ప. ఎక్కడికీ తిప్పకండి. ఇంకోసారి అలా జరక్కుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఆ దుమ్ములో ఏముంది అంటే, రేకు బరువులో పదో వంతు అటూ ఇటూ ఆస్‌బెస్టాస్, మిగతాదంతా దాదాపు సిమెంటే. ఆస్‌బెస్టాస్ అనేది రాయే గానీ పీచులా ఉండే రాయి, అందుకే మన పుస్తకాల్లో రాతినార అన్నారు, పేరు పెట్టినవాడెవడో గానీ సరిగ్గా పెట్టాడు. కొబ్బరి పీచు పోగుని గోటితో చీలిస్తే ఇంకా సన్నటి పోగులొస్తాయి చూశారా, ఇదీ అంతే, నిలువునా చీలుతూ చీలుతూ కంటికి ఆనని సన్నం అయిపోద్ది. మన తలవెంట్రుక 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుందనుకుంటే ల్యాబుల్లో లెక్కపెట్టే నార మందం 3 మైక్రాన్ల లోపు, పొడవు 5 మైక్రాన్ల పైన. అంటే మీరు చూసిన తెల్లటి దుమ్ములో ఎక్కువ భాగం సిమెంటు, అది కాసేపట్లో కింద పడిపోద్ది. మీకు కనపడనిదే గంటలు గంటలు గాల్లో తేలుతుంటది. దుమ్ము అణిగిందిలే అని చీపురు తీసుకుని ఊడుస్తామా, అప్పుడు మళ్ళీ లేస్తది.

గ్రైండర్‌తో వచ్చిన చిక్కేంటంటే ఆ చక్రం తిరిగే స్పీడుకి రేకుని కొయ్యటం కాదు, పిండి కొట్టేస్తది. చేతిరంపంతో తడిపి నెమ్మదిగా కోస్తే రాలేదానికీ దీనికీ ఎన్నో రెట్లు తేడా. నాకూ ఇదంతా పుట్టుకతో తెలిసిన విషయం కాదు. నేను 1980ల్లో సైటు సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరినప్పుడు ఒక గోడౌను కప్పు వేయించా, నలుగురు కుర్రాళ్ళు రోజంతా కోసేవాళ్ళు, మధ్యాహ్నం క్యారేజీ తీస్తే మూత మీద వేలితో పేరు రాసుకునేంత పొడి, ఉఫ్ అని ఊదేసి తినేవాళ్ళం. నాతో పాటు అక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు.

పెరటికి ఇప్పుడు చెయ్యాల్సింది: చీపురు ముట్టకండి, వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, అది వెనక నుంచి సన్ననిదంతా బయటికి చల్లుతుంది. గచ్చు మీద నీళ్ళు చిలకరించి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ ఉతక్కుండా పాలిథిన్ కవర్లో మూటకట్టెయ్యండి. మంచం మీది చీర దులపకండి, అలాగే మడిచి బకెట్ నీళ్ళలో ముంచండి. వడియాలు పారెయ్యండి. మినప్పప్పు ఎంత రేటున్నా సరే.

ఈసారి మేస్త్రి వస్తే ముందే చెప్పండి, రేకులు షాపులో రకరకాల పొడవుల్లో దొరుకుతాయి, కప్పు కొలత తీసుకుని సరిపడా తెప్పిస్తే కొయ్యాల్సిన పనే సగం తప్పుద్ది, ఇంకా కాస్త ఎక్కువైతే రేకు మీద రేకు ఎక్కించే భాగం పెంచుకుంటే సరి, ఎవరూ ఏమీ అనుకోరు. తప్పదు అంటే ఇంటికి దూరంగా, గాలివాటు చూసుకుని, రేకు మీద నీళ్ళు పోస్తూ చేతిరంపంతో. హుక్కులకి బెజ్జం పెట్టేటప్పుడు ఆ చోట కాస్త గడ్డం గీసుకునే క్రీము ముద్ద పెట్టి చేతి డ్రిల్లుతో నెమ్మదిగా తిప్పితే పొడి అంతా ఆ నురగలోనే అంటుకుంటది, తడిగుడ్డతో తీసేయొచ్చు. మేస్త్రి నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ప్రశ్న: మేం ఇరవై ఏండ్ల సంది రేకుల ఇంట్లనే ఉంటున్నం. మా బాపుకు రెండు నెలల నుంచి దగ్గు తగ్గుత లేదు. గీ రేకుల తోటేనా? రేకులు తీసెయ్యాల్నా? – నల్గొండ జిల్లా పాఠకుడు

జ: రేకుల మీదికి తోసెయ్యకు తమ్ముడూ. గట్టిగా ఉన్న రేకులో నారని సిమెంటు పట్టుకునే ఉంటది, కింద పడుకున్నంత మాత్రాన ఊడి ముక్కులోకి రాదు, వచ్చేది చాలా తక్కువ. రెండు నెలల దగ్గంటే ముందు కఫం పరీక్ష చేయించు, టీబీ ఉందో లేదో తేలాలి, సర్కారు దవాఖానలో ఊరికే చేస్తారు. బాపు బీడీ తాగుతాడా, ఇంట్లో కట్టెల పొయ్యా, అదీ డాక్టరుకి చెప్పు. రేకులు తీసెయ్యాలని తొందరపడి ఇప్పుడు సుత్తె పెట్టి పగలగొట్టిస్తే ఇరవై ఏళ్ళలో రాని దుమ్ము ఒక్క పూటలో వస్తది.

ప్రశ్న: నేను రేకులు బిగించే పని చేస్తా, 18 ఏళ్ళు అయింది. మూతికి తువ్వాలు కట్టుకుంటా. రోజుకి ఒక కట్ట బీడీలు తాగుతా. ఈ మధ్య నిచ్చెన ఎక్కితే ఆయాసం వస్తుంది. మీరు రాసింది మా కాంట్రాక్టరుకి చూపిస్తే "ఇన్నాళ్ళు ఏమైంది నీకు" అన్నాడు. – ఖమ్మం

జ: మీ ఉత్తరం రెండుసార్లు చదివా. కాంట్రాక్టరు అన్న మాటలోనే ఉంది అసలు మెలిక. ఇది ఇవాళ పీలిస్తే రేపు దగ్గు వచ్చే సరుకు కాదు. లోపలికి పోయిన సన్ననార ఊపిరితిత్తి అడుగున గుచ్చుకుని కూర్చుంటది, దాన్ని మింగెయ్యటానికి వచ్చిన కణాలు మింగలేక చచ్చిపోతాయి, అక్కడ మచ్చ కడుతుంది, అలా మచ్చ మీద మచ్చ. ఊపిరితిత్తి స్పాంజిలా మెత్తగా ఉండాల్సింది తోలులా బిగుసుకుంటే దాన్ని ఆస్‌బెస్టాసిస్ అంటారు. లంగ్ క్యాన్సర్ ఉంది, ఊపిరితిత్తి పైపొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ఉంది. పీల్చటం మొదలెట్టిన 20 ఏళ్ళకో 40 ఏళ్ళకో బయటపడతాయి. ఇన్నాళ్ళు ఏమీ కాలేదు అంటే ఏమీ కాదని అర్థం కాదు.

బీడీ గురించి ఒక లెక్క చెప్తా, మళ్ళీ మీకు నీతి చెప్పక్కర్లేదు. అమెరికాలో ఆస్‌బెస్టాస్ పనివాళ్ళ మీద 1979లో అచ్చయిన ఒక పెద్ద లెక్కలో, పొగ తాగనివాడు ఆస్‌బెస్టాస్ ముట్టనివాడు లంగ్ క్యాన్సర్‌తో పోయే అవకాశం 1 అనుకుంటే, ఆస్‌బెస్టాస్ ఒక్కటే అయితే 5, పొగ ఒక్కటే అయితే 11, రెండూ ఉంటే 16 రావాలి కదా, కాదు, 53. వాళ్ళు పైపులకి ఆస్‌బెస్టాస్ చుట్టేవాళ్ళు, రేకులు బిగించేవాళ్ళు కాదు, కాబట్టి అదే నెంబరు మీకు అతికించటం కరెక్టు కాదు, కానీ రెండూ కలిస్తే కూడిక కాదు హెచ్చవేత అన్నది మాత్రం పట్టుకోండి. పీల్చిన నార వెనక్కి తీయలేం. కట్ట బీడీలు ఆపగలం.

ఛాతీ డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్ళండి. మన డాక్టర్లు బీడీ తాగుతావా అని అడుగుతారు గానీ ఏం పని చేస్తావు అని అడగటం తక్కువ, కాబట్టి కూర్చోగానే మీరే చెప్పండి, "18 ఏళ్ళుగా సిమెంటు రేకులు కోస్తున్నా, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటది" అని ఈ మాటల్లోనే. ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలో ఊదే పరీక్ష, ఇవి రెండూ మొదట. వెనక నడుము పైన స్టెతస్కోపు పెట్టి విన్నప్పుడు వెల్క్రో పట్టీ లాగినట్టు చిటపట వినిపిస్తే వాళ్ళకి తెలుస్తుంది. వట్టి బీడీ ఆయాసమే కావచ్చు కూడా, ముందే భయపడకండి.

తువ్వాలు గురించి: ఆ నేత సందుల్లోంచి ఈ నార ఎంచక్కా పోద్ది, తువ్వాలు మీకు ధైర్యం ఇస్తది అంతే. పల్చటి నీలం మాస్కూ అంతే. ఎన్95 కొంత నయం గానీ ఈ పనికి రబ్బరు సగం మాస్కుకి పీ3 గానీ పీ100 గానీ ఫిల్టరు బిగించుకునేది కావాలి, అదీ మొహానికి అతుక్కుంటేనే, గడ్డం ఉంటే పక్కల్లోంచి లోపలికి వస్తది. ఆ ఖర్చు కాంట్రాక్టరు పెట్టుకోవాలి, అడగండి. మాస్కు కన్నా ముందు నీళ్ళు, గ్రైండర్ పక్కన పెట్టటం.

ఇంకొకటి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు ఇచ్చింది, ఆరోగ్యం అనేది బతికే హక్కులో భాగం అంది, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు చేరినప్పటి నుంచి 40 ఏళ్ళు గానీ పని మానేశాక 15 ఏళ్ళు గానీ, ఏది ఎక్కువైతే అది, భద్రంగా ఉంచమంది. ఆస్‌బెస్టాసిస్ నష్టపరిహారం చట్టంలో వృత్తి జబ్బుల జాబితాలో కూడా ఉంది. వినటానికి బాగుంది. ఫ్యాక్టరీలో రేకు తయారుచేసేవాడి పేరు ఎక్కడో ఒక రిజిస్టర్‌లో ఉంటది, అదే రేకుని వీధిలో కూర్చుని కోసేవాడి పేరు ఎక్కడుంది? నాకు దీని మీద కోపం ఈనాటిది కాదు. అందుకే మీరే ఒక ఇరవై రూపాయల నోటుబుక్ కొని, గుర్తున్నంతవరకు ఏ ఏడు ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఎన్నాళ్ళు చేశారో రాసుకోండి, ఇక నుంచి ప్రతి పనీ రాయండి. పదేళ్ళ తర్వాత ఏ ఆఫీసులోనైనా మొదట అడిగేది అదే.

చివరిగా, మీకు తెలియంది కాదు గానీ, పాత రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. హుక్కుల వరస మీద పలక వేసుకుని దాని మీదే నడవండి. నా సర్వీసులో దుమ్ముతో పోయినవాళ్ళని నేను లెక్కపెట్టలేదు, రేకు విరిగి కింద పడ్డవాళ్ళని మాత్రం కళ్ళారా చూశా.

ప్రశ్న: సార్, మాది పులివెందుల దగ్గర పల్లె. మా జేజినాయన బ్రాహ్మణపల్లె రాతినార గనుల్లో పని చేసినాడు. సాయంత్రం ఇంటికొస్తే మీసాలు కూడా తెల్లగా ఉండేవంట. ఆ బట్టలు మా జేజి దులిపి ఉతికేదంట. ఆమె ఊపిరితిత్తులకు నీరు పట్టి పోయింది. దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?

జ: మీ జేజి విషయం ఇప్పుడు ఎవరూ తేల్చి చెప్పలేరండీ, నీరు పట్టటానికి టీబీతో సహా చాలా కారణాలుంటాయి. కానీ మీరు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. 1965లో లండన్‌లో మీసోథీలియోమా వచ్చినవాళ్ళ వివరాలు తీస్తే కొందరు ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీ గడపే తొక్కలేదు, ఇంట్లో భర్త పనిబట్టలు ఉతికారు అంతే. గుడ్డ దులిపినప్పుడు లేచే దుమ్ము మొహానికి జానెడు దూరంలో ఉంటది కదా. మీ నాన్నగారో మేనత్తలో ఆ ఇంట్లోనే పెరిగి ఉంటే, ఎప్పుడైనా ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ గని సంగతి చెప్పమనండి.

మీ ప్రాంతం రాతినార ఎలా పుట్టిందో తెలుసా, వేంపల్లె సున్నపురాయి పొరల్లోకి ఎప్పుడో భూమి లోపల నుంచి కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చింది, ఆ వేడికి ఆ రెండూ కలిసిన అంచుల్లో రాయి మారి సన్నటి నారలు కట్టింది. తెల్ల రకం, క్రిసోటైల్ అంటారు, రేకుల్లో వాడేదీ ఇదే. కేంద్రం 1986 నుంచి కొత్త గనుల లీజులు ఆపేసింది. నాకు ఎప్పటికీ అర్థం కానిది ఏంటంటే మన నేలలో తవ్వటం ప్రమాదం అని ఆపాం, రష్యా నుంచి కజకిస్తాన్ నుంచి ఓడల్లో తెచ్చుకుని రేకులు చేయటం మాత్రం ఆపలేదు. ఒకప్పుడు మనకి అమ్మిన కెనడా 2018లో తన దేశంలో నిషేధించింది, అక్కడ ఆస్‌బెస్టాస్ అనే పేరుతో ఒక ఊరే ఉండేది, గని మూతపడ్డాక 2020లో ఊరి పేరు కూడా మార్చేసుకున్నారు.

ప్రశ్న: హైదరాబాదులో మా డాబా మీద రేకుల రూముకి కూల్ రూఫ్ పెయింట్ వేయిద్దామనుకుంటున్నాం. పెయింటరు ముందు పాచి అంతా వైరు బ్రష్‌తో గీకాలి అంటున్నాడు, లేదంటే ప్రెషర్ పంపుతో కడుగుతా అంటున్నాడు.

జ: రెండూ వద్దు. పెయింటు మంచిదే, రేకు పైపొరని పట్టి ఉంచుతుంది కూడా. కానీ ఎండకీ వానకీ ఏళ్ళ తరబడి పైన సిమెంటు అరిగిపోయి నారలు తేలి ఉంటాయి, పాత రేకు మీద చెయ్యి పెడితే నూగులా తగులుతుంది చూడండి, వైరు బ్రష్ పెడితే ఆ నూగంతా గాల్లోకి. ప్రెషర్ పంపు పెడితే అదే సరుకు బురదై పక్కింటి గోడ మీద పడి ఎండుద్ది, ఎండాక మళ్ళీ దుమ్మే. పాచి మీద మందు కొట్టి చచ్చాక, తడిపి మెత్తటి స్పాంజితో తుడిచి, ఆరాక ప్రైమర్ వేయమనండి. ఒప్పుకోకపోతే పెయింటర్ని మార్చండి.

ప్రశ్న: పాత రేకులు 30 దాకా తీశాం. ఊళ్ళో ఒకాయన వాటిని కొట్టి పొడి చేసి ఇంటి ముందు గుంటల్లో పోసుకుంటా అంటున్నాడు. ఇచ్చెయ్యమంటారా? – రాజానగరం

జ: ఇవ్వకండి బాబూ, దణ్ణం పెడతా. ఇటలీలో కసాలె మోన్‌ఫెరాతో అని ఒక ఊరు, అక్కడ ఆస్‌బెస్టాస్ సిమెంటు ఫ్యాక్టరీ రద్దు పొడిని జనం ఊరికే వస్తుంది కదా అని తెచ్చుకుని పెరళ్ళలో, దారుల్లో, అటకల మీద పోసుకున్నారు. ఫ్యాక్టరీ 1986లోనే మూతపడింది, మీసోథీలియోమా మాత్రం ఫ్యాక్టరీ మొహం చూడనివాళ్ళకి కూడా ఆ తర్వాత దశాబ్దాల పాటు వస్తూనే ఉంది.

మరి ఏం చెయ్యాలి అంటే నా దగ్గర అందమైన జవాబు లేదు. ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోట్లు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి గానీ అవి ఫ్యాక్టరీల కోసం, మీ ముప్పై రేకులు అక్కడిదాకా ఎవరు మోస్తారు. ఆస్‌బెస్టాస్ చెత్త ఎలా పారెయ్యాలో చెప్పే ఐఎస్ 11768 అనే స్టాండర్డు 1980ల నుంచీ ఉంది, మీ పంచాయతీలో అడిగి చూడండి ఎవరికైనా తెలుసేమో. బాగున్నవి పగలకుండా అలాగే పశువుల కొట్టానికో కట్టెల పాకకో వాడేసుకోండి, కొయ్యకుండా. విరిగినవి తడిపి, మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి, టేపు వేసి, పైన మార్కర్‌తో "ఆస్‌బెస్టాస్, పగలగొట్టరాదు" అని రాసి పిల్లలు వెళ్ళని మూల పెట్టండి, మున్సిపాలిటీ వాళ్ళకో పొల్యూషన్ బోర్డు వాళ్ళకో రాతపూర్వకంగా ఒక కాగితం ఇవ్వండి. మామూలు చెత్తబండిలో వేస్తే అది నలిపేస్తది.

ప్రశ్న: మా ఊరి వాటర్ ట్యాంకు నుంచి వచ్చేవి పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) పైపులు. నీళ్ళు తాగొచ్చా?

జ: తాగే నీళ్ళలో ఆస్‌బెస్టాస్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఏమీ పెట్టలేదు, నోటి ద్వారా పోతే జబ్బు చేస్తుందని గట్టి రుజువు దొరకలేదు కాబట్టి. అమెరికా మాత్రం లీటరుకి 70 లక్షల నారలు అని ఒక హద్దు పెట్టుకుంది. నా బెంగ నీళ్ళ మీద కాదు, ఆ పైపు పగిలినప్పుడు గోతిలో దిగి కటింగ్ మెషీన్‌తో పొడిగా కోసే పంచాయతీ కుర్రాడి మీద. ఆ గోతిలో గాలి కూడా ఆడదు.

ప్రశ్న: కోతులు రోజూ గంతులేసి రేకులు పగలగొడుతున్నాయి. ఏం చెయ్యాలి?

జ: చిన్న పగులైతే పైకి ఎక్కకుండా కింద నుంచే తడిగుడ్డతో తుడిచి, ఆరాక తారు టేపు అంటించండి, బెజ్జాలు పెట్టకండి. పెద్ద పగులైతే రేకు మొత్తం మార్చటమే, నట్లు తుప్పు పట్టి ఉంటే సుత్తె కాకుండా బోల్టు కట్టరు వాడమనండి, రేకు పగలకుండా వస్తది. కింద రాలిన ముక్కలు చేత్తో ఏరేముందు నీళ్ళు చల్లండి. కోతుల సంగతి మాత్రం నన్నడక్కండి, ఇది రాస్తుంటే మా పిట్టగోడ మీదే పదకొండు కూర్చుని ఉన్నాయి.